ఓబులి చేతిలో ముక్కురాయి

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ కత్తితో కోసినట్టు ఒక లోతైన లోయ. లోయకు రెండు పక్కలా ఎర్రటి బండలు నిలువుగా లేచి ఉండేవి, అడుగున సన్నగా ఒక ఏరు పారేది. ఆ ఏటి ఒడ్డున ఒక రాతి సందులో ఓబులి అనే ఉడుము ఉండేది.

ఉడుంపట్టు సంగతి మీరు వినే ఉంటారు. ఒకసారి పట్టిందంటే ఉడుము వదలదు. ఆ ఉడుములన్నిటిలోనూ ఓబులి పట్టు గట్టిది. ఆ మాట ఇరుగుపొరుగు చెప్పాల్సిన పని లేదు, ఓబులే రోజుకు నాలుగుసార్లు చెప్పుకునేది.

ఓబులికి ఒక అక్క ఉంది, పేరు చెన్ని. ఇద్దరూ ఒకే పుట్టలో గుడ్డు పగలగొట్టుకుని బయటికి వచ్చారు. ఒకే బండ మీద ఎండ కాచుకుంటూ పెరిగారు. పెద్దయ్యాక చెన్ని బండ పైనున్న మిట్టకు వెళ్లి అక్కడే స్థిరపడింది. ఓబులికి ఏటి చలువ అలవాటై కిందే ఉండిపోయింది.

తలెత్తితే చాలు, అక్క ఉండే చోటు కనిపిస్తుంది. అక్క మాత్రం కనిపించదు. ఎక్కడో దూరాన ఉన్నవాళ్ల మీద బెంగ పెట్టుకుంటే కొన్నాళ్లకు అలవాటు పడతాం. కళ్లెదుట ఉండి అందని చోటు మీద బెంగ మాత్రం రోజూ పొద్దున్నే కొత్తగా మొదలవుతుంది. ఓబులిది ఆ రకం బెంగ.

పైకి వెళ్లే దారి ఒక్కటే. బండలోని పగుళ్లూ గుంటలూ పట్టుకుంటూ ఎక్కాలి. అంచుకు కాస్త కింద మాత్రం బండ నున్నగా ఉంటుంది, ఎంత గీరినా గోరు దిగదు. ఆ నునుపు మధ్యలో ఒకే ఒక్క రాయి ముక్కులాగా పొడుచుకు వచ్చి ఉండేది. దాన్ని అందరూ ముక్కురాయి అనేవారు. దాన్ని పట్టుకుని ఒళ్లు పైకి లాక్కుంటే అంచు అందుతుంది. చుట్టుదారి కూడా ఒకటి ఉందనేవారు, ఊళ్ల మీదుగా, వేటకుక్కల మధ్యగా. ఆ దారిన పోయిన ఉడుము ఏదీ తిరిగి వచ్చిన పాపాన పోలేదు.

ఇంకో సంగతి చెప్పాలి, బాగా వినండి. అది ఇసుకరాతి బండ. వానకు నానితే లోపల మెత్తబడుతుంది. ఒక పూట ఎండ కాస్తే పైన ఆరిపోయినట్టు కనిపిస్తుంది గానీ, లోపల తడి అలాగే ఉంటుంది. అందుకని లోయలో ఒక ఆచారం ఉండేది. వాన వెలిశాక బండ ఎక్కాలనుకున్నవాళ్లు ముందు బండ కింది ఇసుకలో మోచేతి లోతు తవ్వాలి. ఆ లోతున ఉన్న ఇసుకను గుప్పిట పట్టి చూడాలి. ఉండ కడితే బండ ఇంకా పచ్చిగా ఉన్నట్టు. పొడిగా రాలిపోతే ఎక్కొచ్చు. దీన్ని వాళ్లు 'ఇసుకను అడగడం' అనేవారు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా మొదలై, ఎంతకీ వదల్లేదు. దారి మూసుకుపోయింది. ఓబులి రాతి సందులో కూర్చుని, కళ్లు కాయలు కాచేలా పైకి చూస్తూ గడిపింది. చివరికి ఒక ఉదయం మబ్బు విడిపోయి ఎండ వచ్చింది. బండ గూళ్లలో ఉండే గువ్వ ఒకటి పైనుంచి దిగి వచ్చింది.

"ఓబులీ! మీ అక్క గుడ్లు పెట్టిందంట గదా, అవి కదులుతున్నాయంట. నీకు చెప్పమంది," అంది గువ్వ.

ఓబులి గుండె గంతులేసింది. పరుగున బండ కిందికి పోయి మోచేతి లోతు తవ్వింది. ఇసుక తీసి గుప్పిట బిగించింది. నువ్వులుండ చుట్టినట్టు ఉండ కట్టింది.

పక్కనే బొరియలోంచి అలుగు తాత తల బయటపెట్టాడు. ఒళ్లంతా పొలుసులు, చీమలు తిని బతికే జీవి, లోయలో అందరికన్నా పెద్దవాడు. "ఇంకా పచ్చిదే తల్లీ. నేనూ అది ఆరేదాని కోసమే చూస్తాండా," అన్నాడు.

తాతకూ పైన పని ఉంది. తాతకు తోడుగా బతికిన అవ్వ చనిపోయింది ఆ మిట్ట మీదే. వానలు వెలిశాక ఏడాదికోసారి తాత పైకెక్కి, అవ్వ పడుకున్న చెట్టు కింద ఒక రోజంతా కూర్చుని వచ్చేవాడు. అక్కడ ఏం చేస్తావు తాతా అని అడిగితే, "ఏముంది, కూచుంటా," అనేవాడు.

మర్నాడు గువ్వ మళ్లీ వచ్చింది. "గుడ్లు పగిలినాయి ఓబులీ! మూడు పిల్లలు. ఒకదానికి తోక మీద అచ్చం నీకున్నట్టే మచ్చ ఉంది," అంది.

ఓబులి తన తోక వైపు ఒకసారి చూసుకుంది. ఆ మచ్చ ఇంకెవరికీ లేదని చిన్నప్పుడు అక్క ఏడిపించేది. మళ్లీ పోయి తవ్వింది. గుప్పిట విప్పితే ఇసుక ఇంకా ఉండలాగే ఉంది. వేలితో తాకితే మెల్లగా విచ్చుకుంది.

"ఆరతాండాది గానీ ఆరలేదు. ఇంకా ఎండ తగలాల," అన్నాడు తాత.

"ఆలస్యం అమృతం విషం అన్నారు తాతా!"

"నిదానమే ప్రధానం అని గూడా అన్నారు తల్లీ."

సామెతలకేం, అటొకటి ఇటొకటి ఉంటాయి. మనకు కావలసింది మనం ఏరుకుంటాం. ఓబులి తనకు కావలసింది ఏరుకుని సందులోకి పోయి పడుకుంది గానీ నిద్ర పట్టలేదు. దాని భయం ఒక్కటే. ఉడుము పిల్లలు తల్లి దగ్గర ఎక్కువ కాలం ఉండవు. కాళ్లలో బలం రాగానే ఎవరి దారిన వాళ్లు అడవిలోకి పోతాయి. అవి చెదిరిపోకముందు ఒక్కసారి చూడాలి, ఒక్కసారి ముట్టుకోవాలి. అంతకుమించి దానికి ఏ కోరికా లేదు.

మూడో ఉదయం బండ ఎర్రగా, వెచ్చగా మెరిసింది. ఎక్కడా తడి జాడ లేదు. గువ్వ దిగి వచ్చి రాతి మీద వాలింది.

"పిల్లలు అప్పుడే చెట్లెక్కడం నేర్చినాయి ఓబులీ. నిలవమంటే నిలవడం లేదంట. మీ అక్క ఏమందంటే..."

ఓబులి తక్కిన మాట వినలేదు. నిలవడం లేదు అన్న ముక్క చెవిన పడగానే కాలుగాలిన పిల్లిలా ఉరికింది. బండ కిందికి చేరింది. ఇసుకను అడగాలని గుర్తుంది. అడిగింది కూడా. కానీ మోచేతి లోతు తవ్వలేదు, గోరు లోతే గీకింది. పైపై ఇసుక ఎండకు కాగి గలగలా రాలింది. ఓబులికి కావలసిన జవాబు దొరికింది. అది అంతకన్నా లోతుకు పోలేదు.

అలికిడికి తాత బొరియలోంచే, నిద్రమత్తులో అడిగాడు. "ఏమంటాది ఇసుక?"

"పొడిగా రాలింది తాతా!"

"మోచేతి లోతుదేనా?"

"రాలింది తాతా, గలగలా రాలింది!" అంటూనే ఓబులి బండ మీద ఉంది.

ఎక్కుతుంటే ఎంత హాయిగా ఉందో! ఎన్నాళ్లయింది! ప్రతి పగులూ తెలిసిందే, ప్రతి గుంటా చిన్నప్పటి నుంచి పట్టుకున్నదే. ఏరు సన్నటి దారంలా కిందికి దిగిపోయింది. అంచు దగ్గర పడింది. పైనుంచి ఎండుటాకుల మీద చిన్న చిన్న కాళ్ల చప్పుడు వినిపించింది. ఓబులికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వచ్చేశాను," అనుకుంది. ముక్కురాయిని రెండు చేతులా పట్టుకుంది. ఉన్న బలమంతా పెట్టి పట్టింది.

నానిన మట్టిగోడలోంచి మేకు ఊడి వచ్చినట్టు ముక్కురాయి ఊడి వచ్చింది.

ఓబులి ఇసుకలో పడింది. ఎత్తునుంచి పడ్డ ఊపుకు ఒళ్లు పైపొరను చీల్చుకుని లోపలికి దిగబడింది. లోపలి ఇసుక చల్లగా, తడిగా వీపుకు తగిలింది. మోచేతి లోతున అడగనిదానికి ఇసుక అప్పుడు జవాబు చెప్పింది.

ఆ తడి ఇసుకే దాని ప్రాణం నిలబెట్టింది. అలుగు తాత పరుగున వచ్చాడు. వచ్చి చూస్తే ఓబులి వెల్లకిలా పడి ఉంది. చేతుల్లో ముక్కురాయి. పట్టు ఇంకా సడలలేదు.

"నా పట్టు జారలేదు తాతా," అంది ఓబులి. "నిజంగా జారలేదు."

"నీ పట్టు గట్టిదే తల్లీ. నువ్వు పట్టుకున్నది నాని ఉండె," అన్నాడు తాత. తర్వాత తలెత్తి పైకి చూశాడు. ముక్కురాయి ఉన్నచోట ఒక నల్లటి గుంట, దాని చుట్టూ నున్నటి బండ. తాత ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. "అయితే అవ్వను ఇంక చూడలేను," అని మాత్రం అన్నాడు.

తనకు తగిలిన దెబ్బలకు ఏడవని ఓబులి, ఆ మాటకు బావురుమంది. అంతవరకూ అది తన దారి అనుకుంది. అందరి దారి అని అప్పుడు తెలిసింది.

ఇంకో రెండెండలు కాశాయి. అలుగు తాత ఎందుకో, అలవాటు కొద్దీ, ఇసుకను మోచేతి లోతు తవ్వి చూశాడు. ఇసుక వేళ్ల సందుల్లోంచి పొడిపొడిగా రాలిపోయింది.

అదే పూట పైనుంచి ఒక పిలుపు వినిపించింది.

"ఒసే ఓబులీ! నేనేనే! పిల్లల్ని తీసుకుని దిగొస్తాండా! బండ ఆరేదాకా కదలొద్దు, నేనే వస్తా అని గువ్వతో చెప్పి పంపితినే!"

ఓబులి సందులోంచి బయటికి వచ్చింది. అంచు మీద అక్క తల చీమంత కనిపించింది. చెన్ని వెనుదిరిగి, ఎప్పటిలా ఒక కాలు కిందికి జార్చింది. గాలిలో అటూ ఇటూ వెతికింది. కాలికి ఏమీ తగల్లేదు. మళ్లీ వెతికింది. కాలు వెనక్కి తీసుకుని కిందికి తొంగి చూసింది.

"ఓబులీ, ముక్కురాయి ఏదే?"

ఓబులి ఒడిలోని రాయిని రెండు చేతులా పైకెత్తింది.

"నా దగ్గరుందక్కా," అంది.

చెన్ని ఆ రాయి వైపు, కాలి కింది నున్నటి బండ వైపు చూసింది. తర్వాత పిల్లల్ని ఒక్కొక్కటిగా అంచు దగ్గరికి తెచ్చింది. "చిన్నమ్మను చూడండిరా, అదిగో, ఆ రాయి పట్టుకుని ఉంది చూడండి," అంది. చివరిదాన్ని నోట కరిచి పైకెత్తి, దింపి అరిచింది. "ఇదేనే నీ పోలిక! తోక మీద మచ్చ చూడు! కనపడతాందా?"

ఓబులి కళ్లు చికిలించి చూసింది. అంత ఎత్తున మచ్చ కాదు కదా, తోక కూడా తెలియలేదు.

"కనపడతాంది అక్కా!" అని అరిచింది. "బాగా కనపడతాంది!"

పొద్దు వాలేలోగా పిల్లలు ఎవరి దారిన వాళ్లు అడవిలోకి పోయాయి. అక్కా చెల్లెళ్లు మిగిలారు, ఒకరు పైన, ఒకరు కింద. అప్పటినుంచి రోజూ సాయంత్రం అక్క పిలుస్తుంది, చెల్లెలు పలుకుతుంది. ఓబులి పక్కన అలుగు తాత కూర్చుంటాడు. అక్కా చెల్లెళ్ల మాటలు అయ్యాక తాత కూడా పైకి చూస్తూ కాసేపు కూర్చుని బొరియలోకి పోతాడు. మిట్టదాకా చేరనివైనా, ఆ లోయలో ఇంకా ఎన్నో బండలున్నాయి. వాటిని ఎక్కడానికి వచ్చే పిల్ల ఉడుములు ఓబులి చేతిలోని రాయిని చూస్తాయి. చూసి, ఎవరూ చెప్పకుండానే, ఇసుకలో మోచేతి లోతు తవ్వుతాయి.

నీతి: కోరిక ఎంత గొప్పదైనా అడగవలసినంత లోతు అడిగాకే అడుగు వేయాలి, ఒక్కరి తొందరపాటు అందరి దారినీ తెంచేస్తుంది.