నంబర్ల అంగడి

ఆదోనిలో జిలానీది పాత పుస్తకాల అంగడి. తొమ్మిది వేల పుస్తకాలు. అమ్మకం ఆన్‌లైన్‌లో, డబ్బు వచ్చేదీ అదే కంపెనీ యాప్‌లో. ఆరు రోజుల కిందట ఆ కంపెనీ అతని ఖాతాను ఆపేసింది. కారణం చెప్పలేదు.

ఏడో రోజు పొద్దున జిలానీ దర్గా పక్కన ఉండే తన గురువు ఖలందర్ షా దగ్గరికి వెళ్లాడు.

"దువా చేయండి హజ్రత్. శుక్రవారం లోపల ఖాతా తెరవకపోతే అంగడి మూసేస్తా."

"మూసేముందు ఒకసారి చూస్తా, పద," అన్నాడు గురువు.

వాళ్లు వెళ్లేసరికి గుమ్మం ముందు నాగరత్నమ్మ నిలబడి ఉంది. ఎదురు సందులో కుట్టుమిషన్ ఆమెది. మెడలో టేపు వేలాడుతోంది.

"ఏం జిలానీ, జాకెట్ల కటింగ్ పుస్తకం ఉందా?"

"ఉందక్కా. ఎక్కడుందో యాప్ తెరుచుకుంటేనే తెలిసేది."

జిలానీ పుస్తకాలను వచ్చిన వరుసలోనే అరల్లో పెట్టేవాడు. వెన్ను మీద, పేరున్న చోటే, నంబరు కాగితం అంటించేవాడు. ఏ నంబరు ఏ పుస్తకమో యాప్‌లో ఉంటుంది. ఆర్డరు వస్తే నంబరు చూసి తీయడం, ప్యాక్ చేయడం. నాలుగేళ్లుగా పేరు చదవాల్సిన పని పడలేదు.

నాగరత్నమ్మ అరల వైపు చూసి నవ్వింది. "అంగడి నీదా, ఫోన్‌దా? సాయంత్రం వస్తా. వెతికిపెట్టు."

గురువు చొక్కా చేతులు పైకి మడిచాడు. మొదటి అరలో మొదటి పుస్తకం తీసి, దుమ్ము తుడిచి, శిష్యుడి చేతిలో పెట్టాడు. జిలానీ అట్ట తిప్పి పేరు చదివాడు. గురువు రెండోది అందించాడు.

మధ్యాహ్నానికి జిలానీ, తనకు తెలియకుండానే, మేకల పెంపకం పుస్తకాన్ని గొర్రెల పుస్తకం పక్కన పెడుతున్నాడు. ఒకచోట ఆగి రెండు పేజీలు చదివాడు. గురువు తర్వాతి పుస్తకం పట్టుకుని, అతను ముగించేదాకా నిలబడ్డాడు.

కటింగ్ పుస్తకం పదకొండో అరలో, రైల్వే పరీక్షల పుస్తకాల మధ్య దొరికింది.

సాయంత్రం ఫోన్ మోగింది. ఖాతా తెరిచారు. వెంట వెంటనే పద్నాలుగు ఆర్డర్లు.

"హజ్రత్! మీ దువా ఫలించింది!"

"నేనింకా చేయనేలేదు," అన్నాడు గురువు, అర తుడుస్తూ.

అన్న మాట ప్రకారం నాగరత్నమ్మ వచ్చింది. పుస్తకంలో బొమ్మలు తిరగేసి, చంకలో పెట్టుకుంది.

"చిన్నపిల్లల గౌన్లది కూడా ఉందా?"

జిలానీ బల్ల మీది ఫోన్ కోసం చేయి చాచాడు. అంతకు ముందే గురువు దాని మీద అరచేయి పెట్టాడు.

"నాయనా, ఆమె అడిగింది నిన్ను."

జిలానీ చేయి వెనక్కి తీసుకుని, పొద్దున్నుంచి చదివిన పేర్లు గుర్తు చేసుకున్నాడు. తర్వాత ఆరో అర దగ్గరికి నడిచాడు.