దికిత్ కోసం ఒక చిన్న వాలు

పల్దన్‌కి ఒక మంచు వాలు కావాలి. చిన్నదిగా ఉండాలి, జనం ఉండకూడదు, స్కీయింగ్ ఏమాత్రం రాని మనిషికి పనికిరావాలి. హిమాలయాల్లో ఉంటూ మంచు వాలు దొరకడం లేదంటే వినేవాళ్ళు నవ్వుతారు. పల్దన్‌కి మాత్రం నవ్వు రావడం లేదు.

ఆ వాలు అతని భార్య దికిత్ కోసం.

స్కీయింగ్‌లో ఆ లోయ మొత్తానికి పల్దన్ మొనగాడు. చిన్నప్పటి నుంచీ గెలెక్ లామా దగ్గర నేర్చుకున్నాడు. లామాది కొండ మీద చిన్న బౌద్ధ మఠం. చలికాలం దారులు మూసుకుపోయాక పై ఊళ్ళకి మందులు చేరవేయాలంటే స్కీలు తప్ప వేరే గతి లేదు. అందుకని ఆ మఠంలో మంత్రాలతో పాటు స్కీయింగ్ కూడా చదువులో భాగమే. డెబ్బై దాటినా లామా ఇప్పటికీ ఎర్ర అంగీ నడుముకి దోపుకుని, పాత చెక్క స్కీల మీద ఊళ్ళు తిరుగుతూనే ఉన్నాడు.

పెళ్ళయిన కొత్తలో పల్దన్ భార్యకి స్కీయింగ్ నేర్పుతానని పక్క జిల్లాలో ఉన్న పెద్ద రిసార్టుకి తీసుకెళ్ళాడు. నేర్పాలనుకున్న మాట నిజమే. తన విద్య ఆమె ముందు ప్రదర్శించాలన్న ముచ్చట అంతకంటే నిజం. రోప్‌వే దగ్గర తిరునాళ్ళకి వచ్చినంత జనం. దికిత్ నాలుగు గజాలు జారిందో లేదో, వెనకనుంచి ఎవరో వచ్చి గుద్దేశారు. కాలు విరిగింది. మూడు నెలలకి కాలు బాగయింది. కానీ ఆమె మంచులో పడి ఏడుస్తుంటే చుట్టూ చేరినవాళ్ళు ఫోన్లు తీసి వీడియోలు పట్టారు. ఆ సంగతి మాత్రం ఆమె మరిచిపోలేకపోయింది.

ఆ తర్వాత రెండు శీతాకాలాలు ఆమె మంచులో అడుగు పెట్టలేదు. వాళ్ళ ఊళ్ళో ఏడాదికి ఆరు నెలలు మంచే, కాబట్టి ఆ ఆరు నెలలూ ఇంట్లోనే. మంచు కురిసినప్పుడల్లా కిటికీ దగ్గర కూర్చుని చూసేది. ఆమెకి మంచు మీద ఇష్టం పోలేదని పల్దన్‌కి తెలుసు. అదే అతన్ని ఎక్కువగా బాధపెట్టేది.

ఈ ఏడు మొదటి మంచు పడ్డ రోజున ఆమే అడిగింది.

"చిన్న చోటు ఏదైనా ఉంటే చూడు. ఎవరూ ఉండకూడదు. ఒక్కసారి వస్తాను. ఈసారి కూడా భయపడ్డానంటే ఇంకెప్పుడూ నన్ను అడగొద్దు."

పల్దన్ పదిహేను రోజులు కొండలన్నీ గాలించాడు. మూడు చోట్లు పట్టాడు. వాటిలో ఏది మంచిదో తేల్చుకోలేక లామా దగ్గరికి వెళ్ళాడు.

"మూడూ చిన్నవే లామాగారూ. మనిషి జాడ లేదు. ఒక్కోదాని మీద పదేసి సార్లు దిగి చూశాను. కళ్ళు మూసుకుని దిగొచ్చు."

"ఎవరు?" అని అడిగాడు లామా.

"ఎవరైనా."

లామా టీ గిన్నె కింద పెట్టి, గోడకి ఆనించిన స్కీలు భుజానికెత్తుకున్నాడు.

"పద, మొదటిది చూపించు."

మొదటి వాలు దేవదారు చెట్ల వెనక ఉంది. చూడముచ్చటైన చోటు. ఎండ పడుతోంది, గాలి లేదు. పల్దన్ కూతురికి సంబంధం చూసొచ్చినవాడిలా మురిసిపోతూ దాని గుణగణాలు చెప్పుకొచ్చాడు. లామా అంతా విని, శిష్యుడి చేత స్కీలు విప్పించాడు.

"నువ్వు కింద నిలబడు. ఇవాళ నేను దికిత్‌ని."

ఈయనకి పరాచికాలు ఎక్కువయ్యాయి అనుకుంటూ పల్దన్ కిందకి నడిచివెళ్ళి నిలబడ్డాడు. పైన లామా ఒక స్కీ మీద ఇంకొకటి తొక్కి తడబడ్డాడు. మోకాళ్ళు వణుకుతున్నాయి. చేతికర్రలు రెండూ గాల్లో తేలుతున్నాయి. కొత్తవాళ్ళు ఎలా నిలబడతారో అచ్చం అలాగే ఉంది. పల్దన్ పగలబడి నవ్వాడు.

అప్పుడు లామా నిజంగానే జారాడు. పక్కకి తిరగడం లేదు, వేగం తగ్గించడం లేదు. తిన్నగా వచ్చేస్తున్నాడు.

"స్కీల ముందు కొసలు దగ్గరికి చేర్చండి, వేగం తగ్గుతుంది" అని కేకేశాడు పల్దన్.

"నాకు రాదు."

"పోనీ ఎడమ పక్కకి తిరగండి."

"అదీ రాదు."

పల్దన్ వెనక్కి చూశాడు. పదడుగుల దూరంలో ఎవరిదో బంగాళదుంపల చేను, దాని చుట్టూ కట్టిన రాతిగోడ. సగం మంచులో కూరుకుపోయి, సగం బయటకి కనిపిస్తోంది. కుడి పక్కన నరికేసిన చెట్ల మొద్దులు. ఈ వాలు మీద తను పదిసార్లు దిగాడు. పదిసార్లూ ఆ గోడ ముందు ఒంటి అలవాటుకొద్దీ ఒడుపుగా తిరిగి ఆగాడు. అక్కడ గోడ ఉందన్న సంగతే అతని బుర్రకి ఎక్కలేదు.

చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాడు. లామా వచ్చి అతని రొమ్ము మీద పడ్డాడు. ఇద్దరూ కలిసి దొర్లుకుంటూ వెళ్ళి, గోడకి మూరెడు దూరంలో ఆగారు.

పల్దన్ ముందు లామా మోచేతులు తడిమాడు, తర్వాత మోకాళ్ళు తడిమాడు.

"ఎముకలు విరిగితే నేనేం చెయ్యాలి?" అన్నాడు. కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

లామా టోపీలో మంచు దులుపుకున్నాడు.

"రెండోది కూడా ఉందన్నావు కదా."

"వద్దు."

"మూడోది?"

"వద్దు లామాగారూ. దాని కింద వాగు ఉంది."

లామా తల ఊపి లేచాడు. ఆ వేళ వాలు గురించి గానీ, దికిత్ గురించి గానీ మరో మాట ఎత్తలేదు. శిష్యుడి భుజం మీద చెయ్యి వేసి, కొంచెం కుంటుతూ మఠం దాకా నడిచాడు. ఆ కుంటు చూస్తూ నడవడం పల్దన్‌కి చాలా కష్టమైంది.

మర్నాడు పల్దన్ స్కీలు ఇంట్లోనే వదిలేసి బయల్దేరాడు. ఈసారి ఏ వాలూ ఎక్కలేదు. ప్రతి చరియ కిందా నిలబడి పైకి చూశాడు. ఆగడం తెలియని మనిషి పైనుంచి ఇక్కడికి వస్తే ఏమవుతుందో ఊహించుకున్నాడు. కొన్ని చోట్ల ఆ ఊహకే ఒళ్ళు జలదరించింది.

నాలుగో రోజున దొరికింది. ఊరికి దగ్గర్లోనే, వేసవిలో గొర్రెలు పడుకునే పల్లం. అందులోకి దిగే వాలు ఇంటి కప్పంత ఎత్తు కూడా లేదు. మొన్న దీన్ని చూసి, ఇదీ ఒక వాలేనా అని తీసిపారేశాడు. దాని కింద విశాలమైన చదును ఉంది. చదును చివర నేల మళ్ళీ కాస్త పైకి లేచింది. పల్దన్ ఇంటికెళ్ళి స్కీలు తెచ్చి, ఏ విద్యా రానివాడిలా చేతులు వదిలేసి దిగి చూశాడు. ఆ నేలే అతన్ని మెల్లగా ఆపేసింది. ఆ తర్వాత రెండు రోజులు అడ్డంగా అడుగులేస్తూ, మెత్తటి మంచునంతా తొక్కి గట్టిపరిచాడు.

మూడో రోజు పొద్దున ఎండ కాసింది. దికిత్‌ని తీసుకొచ్చాడు. ఆమె పైన నిలబడి నాలుగు పక్కలా చూసింది. ఎవరూ లేరు. అయినా ఆమె మొహంలో రక్తం లేదు. పల్దన్ ఆమెకి స్కీలు బిగించి, తను బూట్లతోనే కిందకి నడవబోయాడు.

"నువ్వు కట్టుకోవా?" అంది దికిత్.

"లేదు."

"పక్కనుండి చెప్పవా? ఆ రిసార్టులో గొంతు పోయేలా అరిచావుగా."

"ఇవాళ చెప్పేదేం లేదు. నేను కింద ఉంటాను. నీకు ఏమీ రాకపోయినా ఫరవాలేదు."

ఆమె చాలాసేపు కదల్లేదు. మోకాళ్ళు వంచమనీ, ముందుకి చూడమనీ చెప్పాలని పల్దన్‌కి నోటిదాకా వచ్చింది. నేర్పేవాడికి నోరు మూసుకోవడం అంత కష్టమైన పని ఇంకొకటి లేదు. అతను ఎలాగో మూసుకుని, చేతులు చాపి నిలబడ్డాడు.

దికిత్ జారింది. ఒకసారి అటు తూగింది, ఒకసారి ఇటు తూగింది. చదును మీదకి వచ్చింది, వేగం తగ్గింది, ఇంకా తగ్గింది. పల్దన్ చేతులకి రెండు బారల దూరంలో నిలబడిపోయింది.

ఆమె ముందు తన కాళ్ళకేసి చూసుకుంది. తర్వాత తల తిప్పి, మంచులో తను గీసిన రెండు గీతలు చూసింది.

"నేను ఆగాను" అంది.

"చూశాను" అన్నాడు పల్దన్.

దికిత్ చేతితొడుగుతో కళ్ళు తుడుచుకుంది. వెనక్కి తిరిగి, పీతలా అడ్డంగా అడుగులేస్తూ మళ్ళీ పైకి ఎక్కడం మొదలుపెట్టింది. కాలు తడబడింది. సాయం పడదామని పల్దన్ ఒక అడుగు ముందుకి వేశాడు.

"నువ్వక్కడే ఉండు" అంది ఆమె, వెనక్కి చూడకుండానే.

పల్దన్ వేసిన అడుగు వెనక్కి తీసుకుని, అక్కడే ఉన్నాడు.