ఓబులేసు కొన్న ఎర్ర జాకీ

మరీ పూర్వమూ కాదు, నిన్నా మొన్నా కాదు. ఊళ్లలోకి మోటారు కార్లు వచ్చి, వాటిని బాగుచేసే షెడ్లు ఇంకా రాని కాలమది. నాపరాళ్ల గనుల పక్కన ఒక చిన్న పట్నం ఉండేది. ఆ పట్నంలో ఎవరి కారును వాళ్లే, ఎవరి వాకిట్లో వాళ్లే బాగుచేసుకునేవాళ్లు.

అక్కడ ఓబులేసు అని ఒక బాడుగ కారు డ్రైవరు ఉండేవాడు. మంచి పనిమంతుడు. చప్పుడు విని కారు జబ్బేమిటో చెప్పేవాడు. కార్ల విషయంలో వీధి మొత్తానికి అతని మాటే మాట. ఆ గౌరవం అతనికి అన్నం కంటే రుచిగా ఉండేది.

ఒకనాడు కారును పైకెత్తే అతని పాత జాకీ విరిగిపోయింది. నూనె ఒత్తిడితో ఎత్తే చక్రాల జాకీ ఒకటి కొందామని, తన భార్యకు అన్నయ్య అయిన మద్దిలేటిని వెంటబెట్టుకుని కారులో బజారుకు పోయాడు. మద్దిలేటి గనిలో బండలెత్తించే మేస్త్రి. బరువు సంగతి తెలిసినవాడు. మాట తక్కువ.

మొదటి అంగడిలో ఒక వాడేసిన జాకీ చూపించారు. దాని కింద నేలంతా కారిన నూనె మరక. ఇద్దరూ తలలు అడ్డంగా ఊపి బయటికి వచ్చేశారు.

రెండో అంగడి మౌలాలిది. అతని జాకీ నల్లగా, మొద్దుగా, కదిలించడానికి ఇద్దరు కావలసినంత బరువుగా ఉంది. మౌలాలి దాన్ని పొగడలేదు. ఎదురు ప్రశ్నలు వేశాడు.

"నీ కారు బరువెంత నాయనా? దాని కింద సందెంత? నువ్వు పనిచేసేది మట్టినేల మీదా, బండల మీదా?"

తర్వాత ఆ జాకీ మీద ఒక ఇనుప దిమ్మెను ఎత్తి, ఎత్తిన చోట పక్క గోడ మీద సుద్దతో గీత గీశాడు.

"కూర్చోండి," అన్నాడు. "మీరు కూర్చోవచ్చు. అది కూర్చోకూడదు."

చాలాసేపు కూర్చున్నారు. దిమ్మె గీత దిగలేదు. అప్పుడు మౌలాలి రెండు ఇనుప స్టాండ్లు తెచ్చి ముందు పెట్టాడు.

"జాకీ ఉన్నది ఎత్తడానికే. మోయడానికి ఇవి. ఇవి పెట్టకుండా కారు కిందికి దూరేవాడికి నేను జాకీ అమ్మను."

ఓబులేసు ముఖం ఎర్రబడింది. "ఇరవై ఏళ్లుగా కారు కిందే బతుకుతున్నాను. నాకు పాఠం చెబుతున్నావా?" అని లేచి వచ్చేశాడు.

మూడో అంగడి పరంధాములుది. అక్కడి జాకీ నిగనిగలాడే ఎర్రరంగులో ఉంది. ఒక్క చేత్తో లాగితే చప్పుడు లేకుండా దొర్లింది.

"ఓబులేసన్నా, మీరు చేయి వేస్తే నా సరుకుకే పేరొస్తుంది," అన్నాడు పరంధాములు. పిడి అయిదుసార్లు నొక్కేసరికి ఓబులేసు కారు ముందుభాగం గాల్లోకి లేచింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు.

"కాసేపు అట్లే ఉంచి చూద్దాం," అన్నాడు మద్దిలేటి.

పరంధాములు నవ్వాడు. "అన్నకు తెలియని జాకీనా?"

అంతమంది ముందు ఆ మాట ఓబులేసుకు చల్లగా తగిలింది. ఎర్ర జాకీ కొనేశాడు. భార్య నారాయణమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టింది. వీధివాళ్లంతా వచ్చి చూసి పోయారు.

మొదటిసారి చక్రం విప్పుతుంటే కారు రెండు వేళ్లు కిందికి దిగింది. నేల మెత్తగా ఉంది అనుకున్నాడు ఓబులేసు.

రెండోసారి బండ పరిచి, దాని మీద జాకీ పెట్టాడు. కారు జానెడు దిగింది. బండ సరిగ్గా కూర్చోలేదు అనుకున్నాడు.

మూడోసారి కారు కిందికి దూరబోతుంటే మద్దిలేటి వచ్చాడు. ఏమీ అనకుండా, గని నుంచి తెచ్చిన రెండు మొద్దు దుంగలను కారు చట్రం కిందికి తోశాడు. ఓబులేసు విసుక్కుంటూనే కిందికి పోయాడు. ఇంజను నూనె మూత విప్పుతున్నాడో లేదో, జాకీ ఒక్కసారిగా చతికిలబడింది. కారు వచ్చి దుంగల మీద ఆగింది. ఓబులేసు ఛాతీకీ ఇనుముకూ నడుమ నాలుగు వేళ్ల సందు మిగిలింది.

బయటికి వచ్చి ఆ సందును వేళ్లతో కొలిచి చూసుకున్నాడు.

"దీన్ని వీధిలో పెట్టి సంగతి అందరికీ చెప్పు," అన్నాడు మద్దిలేటి. "నిన్ను చూసి ఇంకొకడు కొంటాడు."

"చెబుతాలే బావా."

కానీ చెప్పలేదు. నవ్వుతారని భయపడ్డాడు. ఇక కార్ల గురించి తనను ఎవరు అడుగుతారని భయపడ్డాడు. జాకీకి అంటిన నూనె తుడిచి, మళ్లీ అరుగు మీద, అందరికీ కనబడే చోటే పెట్టాడు.

ఎదురింటి ఏసోబుకు పాలక్యాన్లు తిప్పే వ్యాను ఉంది. మర్నాడు పొద్దున అతను వచ్చి అడిగాడు. "అన్నా, మౌలాలి జాకీ తీసుకోమంటాడు మా మామ. నువ్వేమంటావు? ఈ ఎర్రది ఎట్లుంది?"

ఓబులేసు నోట్లో నిజం ఉంది. నాలుక దాకా వచ్చింది కూడా.

"రాయి మాదిరి నిలబడుతుంది," అన్నాడు.

ఎనిమిదో రోజు ఎదురింటి వాకిట్లోంచి పెద్ద చప్పుడొచ్చింది. ఓబులేసు పరుగెత్తాడు. వీధిలో మగవాళ్లంతా కలిసి వ్యానును ఎత్తారు. ఏసోబును బయటికి లాగారు. ఆసుపత్రి చేరకముందే అతని ఊపిరి ఆగిపోయింది.

మట్టి చేసి వచ్చిన మూడో రోజు ఏసోబు భార్య రూతమ్మ ఓబులేసు గడప ముందుకు వచ్చి నిలబడింది. ఏడవలేదు.

"నువ్వు బాగుందన్నావని తెచ్చుకున్నాడన్నా. నీది బాగానే ఉంది గదా. మరి మాదెందుకిట్లయింది? మా ఆయనకు చేతకాలేదని అంటున్నారు అందరూ. నిజమేనా?"

అవునంటే ఆమె నమ్మి వెళ్లిపోయేది. ఓబులేసుకు ఆ సంగతి తెలుసు. లోపల నారాయణమ్మ తల ఎత్తకుండా నిలబడి ఉంది.

"అతని తప్పేం లేదమ్మా," అన్నాడు ఓబులేసు. "నాది అంతకుముందే దిగిపోయింది. నేను చచ్చి బతికాను."

"అడిగిన రోజుకే తెలుసా?"

"తెలుసు."

రూతమ్మ అతన్ని తిట్టలేదు, శపించలేదు. కొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని ఓబులేసు బతికినన్నాళ్లూ అనుకున్నాడు.

ఆ సాయంత్రమే అతను ఎర్ర జాకీని వీధి నడుమకు ఈడ్చి, జరిగిందంతా దాచకుండా చెప్పాడు. వీధివాళ్లు విన్నారు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఓదార్చనూ లేదు. నెల తిరగకముందే పరంధాములు అంగడి మూతపడింది. ఇంటింటికీ మౌలాలి జాకీ, దాని వెంట రెండు స్టాండ్లూ చేరాయి. గనిలో పని ముగించుకుని మద్దిలేటి ప్రతి ఇంటికీ వెళ్లి, బరువెత్తి, కాసేపు ఆగి చూడడం నేర్పాడు.

ఓబులేసును మాత్రం కార్ల గురించి మళ్లీ ఎవరూ ఏమీ అడగలేదు. రూతమ్మ పాలవ్యాను నడపడం నేర్చుకుంది. రోజూ తెల్లవారి అతని ఇంటి ముందు నుంచే పోయేది. ఒక్కనాడూ తల తిప్పలేదు.

విన్నారుగా పిల్లలూ: చెడ్డ వస్తువును ఎంచుకోవడం పొరపాటు, అది చెడ్డదని తెలిసీ పరువు కోసం దాచడం పాపం, పొరపాటును దిద్దుకోవచ్చు, కానీ ఆ పాపం వల్ల పోయిన ప్రాణం తర్వాత ఎంత నిజం చెప్పినా తిరిగి రాదు.