నలభై బటన్లు, ఒకటే పేరు

జావాస్క్రిప్ట్ నేర్పే గోవర్ధనం మాస్టారికి ఒక అలవాటు. ఎవరైనా ప్రశ్న అడిగితే చేతిలోని సుద్దముక్క కింద పెట్టేస్తారు. పెట్టారంటే ఇక కథే.

ఆ రోజు అడిగింది మృదుల. "క్లోజర్ అంటే, బయటి ఫంక్షన్ పని ముగించి వెళ్ళిపోయినా లోపల పుట్టిన ఫంక్షన్ దాని వేరియబుల్‌ని వదలదన్నారు. అంటే, పుట్టినప్పుడు అందులో ఉన్న విలువను రాసి దాచుకుంటుంది. అంతేగా సార్?"

మాస్టారు సుద్దముక్క కింద పెట్టారు.

పన్నెండేళ్ళ కిందట లంక గ్రామాల వాళ్ళకు కంటి శిబిరం పెట్టారట. రోగుల్ని మైకులో పిలిచే ప్రోగ్రాం రాసింది మాస్టారే. నలభై మందికి నలభై బటన్లు. నర్సు ఎవరి బటన్ నొక్కితే వారి పేరు పలకాలి. బటన్లన్నీ ఒకే లూపులో తయారయ్యాయి. పేరు పెట్టుకోవడానికి మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే వేరియబుల్. ఇంట్లో ఒక్క పేరుతో పరీక్షించి, బాగుందనుకున్నారు.

మొదటి బటన్ నొక్కగానే "వరహాలమ్మ" అంది మైకు. జాబితాలో ఆవిడది చిట్టచివరి పేరు. తడుముకుంటూ లేచి వెళ్ళింది. "నీ వంతు కాదు మామ్మా, కూర్చో" అంది నర్సు. రెండోసారీ వరహాలమ్మే. మూడోసారీ ఆవిడే. జనం నవ్వారు. "ఏమే వరహాలూ, ఊరందరి కళ్ళూ నువ్వే పెట్టుకొచ్చావా?"

నాలుగోసారి ఆవిడ లేచింది గాని గది వైపు వెళ్ళలేదు. "ముసలిదానితో పరాచికాలా మీకు?" అని పడవల రేవు వైపు నడిచింది. తప్పు పట్టుకుని, ఒక్కో బటన్‌కి దాని సొంత వేరియబుల్ ఇచ్చేసరికి మాస్టారికి గంట పట్టింది. సాయంత్రం ఆఖరి బటన్ నొక్కారు. మొదటినుంచీ సరిగ్గా పలికేది అదొక్కటే. లేచేవాళ్ళు లేరు.

ఆవిడవి నీటికాసులు, అదే గ్లకోమా. ఆ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. మరుసటేడు కోడలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నిరుడే చూపించుకుని ఉంటే ఉన్న చూపైనా నిలిచేదన్నాడు డాక్టరు.

మృదుల తన మాట తనే దిద్దుకుంది. "అయితే విలువను దాచుకోలేదు సార్. నలభై ఫంక్షన్లూ ఆ ఒక్క వేరియబుల్‌నే పట్టుకుని ఉన్నాయి. లూపు ముగిసేసరికి అందులో మిగిలింది ఆవిడ పేరు."

"అంతే."

"తప్పు మీదని ఆవిడకి చెప్పారా?"

"చెప్పాను. 'ఆ మాట ఆ రోజే వెనకాల వచ్చి చెప్పకపోయావా నాయనా' అంది."

"మరి వెళ్ళలేదా సార్?"

"శిబిరం కిటికీలోంచి రేవు కనిపిస్తూనే ఉంది" అన్నారు మాస్టారు. "తప్పు దిద్దాక పిలుద్దామనుకున్నానమ్మా."