భుజం మీద చెయ్యి

కృపావతి గారిని ఏదైనా అడిగితే ఆవిడ నోటితో జవాబు చెప్పరు. అడిగినవాళ్ళని కళ్ళద్దాల మీదుగా ఒకసారి చూసి, "శనివారం రా" అంటారు. అంతే. సముద్రం ఒడ్డున ఉన్న ఒక వైద్య కళాశాలలో ముప్ఫై ఏళ్ళుగా మెదడు గురించి పాఠం చెబుతున్న మనిషి ఆవిడ. కిటికీ తెరిస్తే అలల హోరు, మూస్తే పక్క గదిలోని ఎలుకపిల్లల కిచకిచలు. ఆ రెండు చప్పుళ్ళ మధ్య కూర్చుని ఆవిడ ఎంతమందికి "శనివారం రా" అని చెప్పి ఉంటారో లెక్క లేదు.

ఒక గురువారం మధ్యాహ్నం శిష్యురాలు హైమ తలుపు తట్టకుండానే లోపలికి వచ్చింది. చేతిలో ఒక కాగితం ఉంది. దారిలో దాన్ని రెండుమూడుసార్లు ఉండ చుట్టి మళ్ళీ విప్పిందని దాని ముడతలు చూస్తేనే తెలుస్తోంది.

"చదవమంటారా మేడమ్? వినండి. 'ఈ కణాలు తమంతట తాము ఏ కబురూ మోయవు. పక్క కణాల నోరు మూయించడం తప్ప వీటికి వేరే పని లేదు. వీటి మీద ఇంకో రెండేళ్ళు వెచ్చించడం అనవసరమని కమిటీ భావిస్తోంది.' భావిస్తోందట! నా నాలుగేళ్ళనీ చెత్తబుట్టలో వేసి, పైగా భావించడం కూడానా!"

హైమకి అంత కోపం ఎందుకు వచ్చిందో చెప్పాలి. మన మెదడు పైపొరలో, పదింట ఎనిమిది కణాలు పక్కవాటిని "కానివ్వు" అని ఎగదోస్తాయి. మిగిలిన రెండూ "ఆగు" అంటాయి. ఆ ఆపే కణాలనే హైమ నాలుగేళ్ళుగా పట్టుకుని కూర్చుంది. కళ్ళు తెరిచిన ఎలుకపిల్లకి వెంటనే చూపు కుదరదు. ఈ ఆపే కణాలు ఎదిగేదాకా దాని మెదడు రెండు కళ్ళనీ సరిగ్గా జతచేసుకోలేదు. అవి ఎదగ్గానే, ఎవరో తలుపు తీసినట్టు, నేర్చుకోవడం మొదలవుతుంది. ఆపేవి వచ్చాకే నేర్పు రావడమేమిటి? నాకైతే ఈ సంగతి విన్న రోజంతా మరో ధ్యాస లేకపోయింది. ఆ తలుపు ఎలా తెరుచుకుంటోందో హైమ సగం దాకా కనిపెట్టింది. మిగతా సగానికి రెండేళ్ళు అడిగింది. ఆ కాగితం ప్రకారం నెలాఖరుకి ఎలుకల బోనులు ఖాళీ చెయ్యాలి, హైమ ఇంటికి పోవాలి.

"ఒక్క మాట అడుగుతా మేడమ్, నిజం చెప్పండి. ఆపడం కూడా ఒక పనేనా? వద్దనేవాళ్ళ వల్ల లోకంలో ఏదైనా తయారవుతుందా? అవదంటే చెప్పెయ్యండి, ఇవాళే పెట్టె సర్దుకుంటా."

కృపావతి గారు కళ్ళద్దాల మీదుగా చూశారు. "కింద సంతకం ఎవరిది?"

"ఇంకెవరిది, పరబ్రహ్మం గారిది."

"శనివారం రా. ఆయన్ని కూడా పిలుస్తాను."

"ఆయనొస్తే నేను రాను."

"రావాలి. ఆపేవాళ్ళలో నీ పేరు రాశాను."

పరిశోధనలకి డబ్బిచ్చే ఆ కమిటీకి పరబ్రహ్మం గారు పెద్ద. చెడ్డవారేమీ కాదు. సన్నటి తీగని మెదడు కణం దగ్గరికి దింపి, దాని అలికిడిని స్పీకర్లో వినడం ఆయన పని. కణం టపటపమంటే ఆయన మొహం వెలిగేది. మూగగా ఉంటే "ఇది దండగ, ఇంకోటి చూడండి" అనేవారు. నలభై ఏళ్ళు అలా విని విని, చప్పుడు చేసేదే మెదడు అని ఆయనకి స్థిరపడిపోయింది. పైగా మాట మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. ఆయన ప్రసంగం ఉన్న సభల్లో భోజనాలు చల్లారిపోయేవి.

కృపావతి గారి శనివారాలకి ఒక పద్ధతి ఉంది. మొదటి సంవత్సరం పిల్లల్ని నేల మీద వరసలుగా కూర్చోబెట్టి, వాళ్ళ చేత దారాల ఆట ఆడిస్తారు. పూలు కట్టే తెల్లదారం ఉండలు అందుకని బీరువా నిండా ఉంటాయి. ముందు వరసలో ఆరుగురు, మధ్య వరసలో ఆరుగురు, చివర ఇద్దరు. ముందువాళ్ళ నుంచి మధ్యవాళ్ళకీ, మధ్యవాళ్ళ నుంచి చివరి ఇద్దరికీ, అందరి నుంచి అందరికీ ఒక్కొక్క దారం. సైకిలు బెల్లు మోగితే ముందు వరసలో ఎడమ ముగ్గురూ దారాలు లాగాలి. ఐస్ బండి గంట మోగితే కుడి ముగ్గురూ లాగాలి. ఎవరి దారం కదిలితే వాళ్ళు తమ దారాలన్నీ లాగాలి, అదీ గంట మోగినప్పుడల్లా ఒక్కసారి మాత్రమే. లాగినప్పుడు అవతలి మనిషి కూడా కదిలితే ఆ దారానికి ఇంకో పోగు కలుస్తుంది. లాగినా అవతలివాళ్ళు కదలకపోతే ఒక పోగు తెగుతుంది. సైకిలు బెల్లుకి ఎడమ చివరివాళ్ళు ఒక్కరే చెయ్యెత్తాలి, ఐస్ గంటకి కుడి చివరివాళ్ళు ఒక్కరే ఎత్తాలి. అంతవరకూ వస్తే, ఆ దారాల మెదడు పాఠం నేర్చుకున్నట్టు.

ఆ శనివారం ఎడమ చివర ఎబినేజరు అనే కుర్రాడు, కుడి చివర పరబ్రహ్మం గారు కూర్చున్నారు. కుర్చీ వెయ్యబోతే వద్దని, పంచె సర్దుకుని, పిల్లల మధ్య సరదాగా నేల మీదే కూర్చున్నారు. వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ చేతుల్లో దారం లేదు. ఆ నలుగురిలో హైమ ఒకతె.

"వీళ్ళెందుకమ్మా కాపలావాళ్ళలా నించున్నారు?"

"ఆపేవాళ్ళు సార్. సైకిలు బెల్లు మోగితే కుడివైపు వాళ్ళ భుజాల మీద చెయ్యి వేస్తారు, ఐస్ గంటకి ఎడమవైపు వాళ్ళ మీద. చెయ్యి పడ్డవాళ్ళు ఆ విడత కదలకూడదు."

"ఆట మొదలవకముందే ఆపడమేమిటి కృపావతి గారూ! కూర్చోమనండి పాపం, కాళ్ళు నొప్పెడతాయి."

పిల్లలు నవ్వారు. హైమ చెవులు ఎర్రబడ్డాయి. మేడమ్ వైపు చూసింది, ఒక్కమాటైనా అంటారేమోనని. "సార్ చెప్పారుగా, కూర్చోండమ్మా" అన్నారు ఆవిడ.

బెల్లు మోగింది, గంట మోగింది. లాగిన ప్రతిసారీ అందరూ కదిలారు, కదిలిన ప్రతిసారీ పోగులు కలిశాయి. "అబ్బో, ఎంత తొందరగా నేర్చేసుకుంటున్నారో!" అని పరబ్రహ్మం గారు మురిసిపోయారు. కిటికీలోంచి వచ్చిన ఎండలో ఆ దారాలన్నీ మెరుస్తుంటే నిజంగానే అందంగా ఉంది. ఎనిమిది విడతలయ్యాక కృపావతి గారు సైకిలు బెల్లు ఒక్కసారి మోగించారు. చివరి ఇద్దరి చేతులూ లేచాయి. ఐస్ గంట మోగించారు. మళ్ళీ ఇద్దరివీ లేచాయి.

"మీది ఐస్ గంట ఒక్కటే కదా సార్?"

"ఆరుగురూ కలిసి గుంజుతుంటే నన్నేం చెయ్యమంటారు?"

ఇంతలో మధ్య వరసలో గౌసియా అనే అమ్మాయి తుమ్మింది. ఆమె దారాలు అదిరాయి. అదిరినవాళ్ళు లాగారు, లాగించుకున్నవాళ్ళు తిరిగి లాగారు. గంట మోగలేదు కాబట్టి ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలియలేదు. పద్నాలుగు మందీ ఊగిపోతున్నారు, చివరి ఇద్దరి చేతులూ లేచి పడుతున్నాయి, లేచి పడుతున్నాయి. నవ్వుతో మొదలైంది కానీ కాసేపటికి ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. "మేడమ్, మా తమ్ముడికి ఫిట్స్ వచ్చినప్పుడు ఇలాగే ఉంటుంది" అంది గౌసియా, భయంగా. చేతులు నొప్పెట్టి వదిలేశారు గానీ, లేకపోతే ఆ ఊపు ఆగేది కాదు.

అప్పటికి పరబ్రహ్మం గారి మణికట్టు నుంచి మోచేయి దాకా దారమే. "కత్తెర ఇలా ఇవ్వండమ్మా" అన్నారు.

"ఊరికే తెంపకూడదు సార్. వాళ్ళు లాగినప్పుడు మీరు కదలకుండా ఉంటేనే పోగు తెగుతుంది."

"ఎలా ఉంటాను? మీరే చూశారుగా!"

అప్పుడు లేచింది హైమ. "మరి నేను రాసిందేమిటి సార్? ముప్ఫై పేజీలు రాశాను. ఆపేవాళ్ళు లేకపోతే నేర్చుకోవడమే ఉండదని, ప్రతి చప్పుడూ పాఠమైపోతుందని, బొమ్మలు గీసి మరీ చూపించాను. మీరు పేజీ తిప్పారా అసలు? నోరు మూయించే కణాలని ఒక్క ముక్కలో తేల్చేశారు. మీ స్పీకర్ పెట్టి వినండి ఒకసారి, ఆపే కణాల్లో కొన్ని పేలాలు వేగినట్టు మోగుతాయి. అవి మోగినప్పుడు పక్కవి మూగబోతాయి, అంతే. మీరు ఆ పక్కవాటినే విని, దండగ అని తీగ తీసేశారు!"

పరబ్రహ్మం గారి మొహం కందిపోయింది. "అది కాదమ్మాయ్, నేను చెప్పేదేమిటంటే..."

కృపావతి గారు సైకిలు బెల్లు మోగించారు.

హైమ చెయ్యి ఆయన భుజం మీద పడింది. చొక్కా నలిగేంత గట్టిగా పడింది. ఆయన నోరు తెరిచినవారు తెరిచినట్టే ఆగిపోయారు. ఎడమవైపు నుంచి వచ్చే దారాల్లో ఒక్కొక్క పోగు తెగింది. మిగతా ముగ్గురు ఆపేవాళ్ళూ అప్పటికే లేచి, కుడివైపు మధ్యవాళ్ళ భుజాల మీద చేతులు వేశారు. ఐస్ గంట మోగితే నలుగురూ ఎడమవైపు వెళ్ళారు, బెల్లు మోగితే కుడివైపు వచ్చారు. రెండు మోతల నడుమ ఆయన "ఏమంటే..." అని ఎత్తుకోబోవడం, బెల్లు మోగడం, ఆ చెయ్యి పడటం. పిల్లలు పైటలూ చేతి రుమాళ్ళూ నోట్లో కుక్కుకున్నారు. పది విడతలయ్యాక ఆయన ఎత్తుకోవడం మానేసి, తన చేతి వంక చూడసాగారు. పోగులు తెగి, మల్లెలు కట్టగా మిగిలిన దారం ముక్కల్లా ఆయన చుట్టూ రాలుతున్నాయి. హైమ చెయ్యి కూడా మెల్లగా తేలికైంది. చివరి విడతల్లో ఆమె ఆయన్ని నొక్కలేదు, ఊరికే తాకింది.

చివరికి ఆయన చేతికి కుడివైపు నుంచి వచ్చే మూడు దారాలే మిగిలాయి, బలంగా, పురి తిరిగి. సైకిలు బెల్లుకి ఎబినేజరు చెయ్యెత్తాడు, ఒక్కడే. ఐస్ గంటకి పరబ్రహ్మం గారు ఎత్తారు, ఒక్కరే. ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయి అలాగే చూస్తూ ఉండిపోయారు.

"నన్ను ఎన్నిసార్లు ఆపిందండీ ఈ పిల్ల?"

"ఇరవై రెండు సార్లు సార్" అన్నాడు ఎబినేజరు.

ఆయన లేచి పంచె దులుపుకున్నారు. ఏదో అనబోయి, అలవాటు లేని పనేదో చేస్తున్నట్టు మానుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "సోమవారం ఆ ఫైలు మళ్ళీ నా బల్ల మీదికి పంపండి. ఆ ముప్ఫై పేజీలు కూడా" అని వెళ్ళిపోయారు.

పిల్లలంతా పోయారు. హైమకి సంతోషం రాలేదు, ఇంకా మండుతూనే ఉంది. "నాలుగేళ్ళు రాసింది చదవరు, దారాలు కట్టి ఆడిస్తే గానీ ఎక్కదు! సోమవారం మళ్ళీ మొదటికొస్తే? నిజంగా ఆయనకి అర్థమైందంటారా మేడమ్?"

కృపావతి గారు నేల మీది దారం ముక్కలు ఏరుతూ అన్నారు. "ఏమో. ఇరవై ఏళ్ళుగా ఆయన్ని ఎరుగుదును. ఎదుటివాళ్ళ మాట తరవాత ఆయన నోరు తెరవకుండా ఆలోచించడం మాత్రం ఇవాళే చూశాను."