పదమూడో బిళ్ళ

"ఏవయ్యోయ్! మా యోబును ఎవరన్నా చూశారా?"

వీధి మొదట్లోంచి ఆడమనిషి కేక. మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదిలో కంప్యూటరు ఆపబోతున్న గుమాస్తా అంకబాబు చెయ్యి అలాగే ఆగిపోయింది.

శనివారం, ఒంటిపూట పని. సరుకు గదికి అప్పుడే తాళం పడింది. మళ్ళీ సోమవారం పొద్దున దాకా తీసేది లేదు. శనివారాల్లో హమాలీ ముఠా మొత్తం పన్నెండు మందీ షెడ్డు కింద కలిసి భోంచేస్తారు. అన్నం అక్కడే వండుకుంటారు, కూర యోబు పెళ్ళాం సలోమి తెస్తుంది. ఆవిడ కూర తిన్నవాడు మరే కూరకైనా వంక పెడతాడనుకోండి, అది వేరే సంగతి.

ఆ సలోమే కూర గిన్నె చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి రొప్పుతోంది.

"వెళ్ళిపోయాడమ్మా," అన్నాడు అంకబాబు, కంప్యూటరు ఆమె వైపు తిప్పి. "ఇదిగో, లోపల ఉన్నవాళ్ళు సున్నా. బీడీల కొట్టుకు పోయుంటాడు."

"చొక్కా లేకుండానా? అదిగో బాబూ, ఆయన చొక్కా కొక్కేనికే ఉంది. నీ సున్నా చొక్కా తొడుక్కుని పోయిందేమో చూడు!"

అంకబాబు కొక్కెం వైపు చూశాడు. నీలం చొక్కా. జేబులో బీడీ కట్ట కూడా ఉంది.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఆ సరుకు గది తలుపు పక్కన ఒక చెక్క, దానికి వరసగా మేకులు. లోపలికి వెళ్ళే ప్రతి హమాలీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ మేకుకు తగిలించి వెళ్ళాలి. బయటికొచ్చాక తన చేత్తో తనే తీసుకోవాలి. అన్న బిళ్ళ తమ్ముడు తియ్యకూడదు, తమ్ముడిది అన్న తియ్యకూడదు. చెక్క ఖాళీ అయితేనే తాళం. ముఠా మేస్త్రీ బాజీ సాహెబు పెట్టిన పద్ధతి అది. గురువారాల్లో గోడవతల దర్గాలో దీపం పెట్టేదీ ఆయనే. అంకబాబుకి ఆరేళ్ళుగా పని నేర్పుతున్నదీ ఆయనే. అందుకే అందరూ తాతా అంటే అంకబాబు గురువుగారూ అంటాడు.

కంప్యూటరు వచ్చిన వారానికే అంకబాబు బిళ్ళలన్నీ తీసి సొరుగులో పడేశాడు. పన్నెండు మందికీ కలిపి పదమూడు తేలాయి. ఆఖరిది నల్లగా, నంబరు లేకుండా ఉంది.

"ఇదెవరిది గురువుగారూ?"

"దాన్ని ఉండనీ," అన్నాడు ముసలాయన.

అంకబాబు ఉండనివ్వలేదు. పెద్దాయన జపమాల తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇప్పుడు అదే జపమాలతో వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"యోబు బయటికొచ్చాడని నీకెవరు చెప్పారు?"

"పొద్దున లోపలికెళ్ళేటప్పుడు ఒక్కొక్కళ్ళనే కంప్యూటర్లో ఎక్కించాను గురువుగారూ. ఒంటిగంటకి అందరూ కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. మళ్ళీ ఒక్కొక్కళ్ళనేం ఎక్కిస్తాంలే అని, పన్నెండు మందినీ కలిపి ఒక్క నొక్కుతో బయటికి..."

బాజీ సాహెబు తిట్టలేదు. సొరుగు లాగి బిళ్ళలన్నీ బల్ల మీద గుమ్మరించాడు.

"పట్టుకుని చూడు."

మే నెల. ఆఫీసు గది ఆవం లాగుంది. బిళ్ళలు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు... ఏడో నంబరు మీద వేలు పెట్టి అంకబాబు చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. మంచుముక్క. దాని మీద సన్నగా నీటి చుక్కలు పట్టాయి.

ఏడు యోబుది.

పక్కనున్న నల్ల బిళ్ళ మీదా చుక్కలున్నాయి.

పెద్దాయన ఆ రెంటినీ తీసుకెళ్ళి మేకులకు తగిలించాడు. తాళం తీయించాడు. అంకబాబు లోపలికి ఉరకబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీకు బిళ్ళ లేదుగా." తన జపమాల ఒక మేకుకు వేశాడు. "ఇప్పుడు పో."

లోపల దీపాలు ఆపేసి ఉన్నాయి. టార్చి వెలుగులో తన ఊపిరే పొగలా కనిపిస్తోంది. అటూ ఇటూ కప్పుదాకా మిర్చి బస్తాలు. ఘాటు కళ్ళకు పడుతోంది, చలి ఎముకల్లో దిగుతోంది.

"యోబూ!"

చివరి వరస వెనక మాటలు. ఇద్దరివి. ఒకటి యోబు గొంతు, వణుకుతోంది. రెండోది ఎవరో ముసలాయనది, నింపాదిగా, పసివాడికి కథ చెబుతున్నట్టు. అంకబాబు అటే నడిచాడు.

టార్చి వెలుగు పడగానే మాటలు ఆగాయి. యోబు ఒక్కడే ఉన్నాడు. జారిన బస్తాల కింద కాలు ఇరుక్కుని, చెమటకు తడిసిన బనీనుతో, పెదాలు నీలంగా. చుట్టూ ఇంకెవరూ లేరు.

అంకబాబు కేకకు ముఠా అంతా పరుగెత్తుకొచ్చింది. అంత తొందరలోనూ పెద్దాయన బిళ్ళ తగిలించందే ఒక్కణ్ణీ గడప దాటనివ్వలేదు.

ఎండలో కూర్చోబెట్టి, చొక్కా తొడిగి, రెండు గ్లాసుల టీ పట్టాక యోబుకి మాటొచ్చింది. సలోమి ఒక చేత్తో మొగుడి కాలు రుద్దుతోంది, ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంటోంది.

"లోపల ఆ తాత లేకపోతే నిద్రపోయేవాణ్ణే," అన్నాడు యోబు. "కన్ను మూతబడితే చెంప మీద కొట్టి లేపేవాడు. ఎవరాయన? ఒక్కటే అడుగుతాడు, 'నా బిళ్ళ కూడా తీసేశారా?' అని."

అందరూ చెక్క వైపు చూశారు.

తర్వాత ఒక్కొక్కరే లేచి చెక్క దగ్గరికి వెళ్ళి ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకున్నారు. యోబు ఇద్దరి భుజాలు పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళి ఏడో నంబరు తన చేత్తోనే తీశాడు. అంకబాబు జపమాల తీసి గురువుగారికిచ్చాడు.

చెక్క మీద నల్ల బిళ్ళ ఒక్కటే మిగిలింది. గాలి లేదు. అయినా మెల్లగా ఊగుతోంది.

"ఆయన ఎప్పుడు వెళ్ళాడు గురువుగారూ లోపలికి?"

"ఈ గది కట్టిన ఏడాది. వెళ్ళటం చూశాను." పెద్దాయన పూసలు తిప్పటం ఆపాడు. "రావటం చూళ్ళేదు. వచ్చాడని మాత్రం రాశాను. నీలాగే, అందరితో కలిపి."

అంకబాబు తలుపుకి తాళం వెయ్యబోయి ఆ బిళ్ళను చూసి ఆగాడు. తాళం పెద్దాయన చేతిలో పెట్టి, షెడ్డు కిందికి వెళ్ళి తనే విస్తరాకులు వెయ్యటం మొదలుపెట్టాడు.

"అందరూ ఉన్నట్టేనా?" అడిగాడు బాజీ సాహెబు.

అంకబాబు వరస పొడుగునా ఒక్కో ముఖం చూసుకుంటూ నడిచాడు. యోబు ముఖం దగ్గర కాసేపు నిలబడ్డాడు. చివరికొచ్చి గది తలుపుకి ఎదురుగా ఇంకో ఆకు వేశాడు.

"ఒకరు రావాలి గురువుగారూ."

"అయితే వడ్డించి ఉంచు."

సలోమి ఆ ఆకులోనే ముందు కూర వేసింది. ఆ తర్వాత అందరూ కూర్చుని తిన్నారు.