మూడక్షరాల పడవ

"గురువుగారూ, పువ్వూ తీగా లేకుండా, కనీసం నీడ గీతైనా లేకుండా, మీరు రాసే వట్టి అక్షరానికి అంత ఠీవి ఎక్కడినుంచి వస్తుంది?" అని భానోజీ అడిగాడు. సన్యాసిరావు మేస్త్రి దగ్గర ఆరేళ్లుగా బోర్డులు రాస్తున్నాడు. సొంతంగా దుకాణం పెట్టుకోవాలంటే ఆయన సరేననాలి. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. మేస్త్రికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు, పని చెప్పే అలవాటే ఉంది.

అప్పుడే రేవులో మైలపల్లి ఎర్రయ్యమ్మ కొత్త పడవ దించబోతోంది. గంపలో చేపలమ్మి తనను పెంచిన తల్లి పేరే దానికి పెట్టుకుంది: నూకాలు. ముసలామెకు చదవడం వచ్చింది ఆ మూడక్షరాలే. అవీ అరవయ్యో ఏట కూతురు పట్టుబట్టి నేర్పినవి.

"మాయమ్మ ఒడ్డున కూకునే సదువుకోవాల, బాబూ" అంది ఎర్రయ్యమ్మ.

పొడుగాటి పడవ, మూడే అక్షరాలు. వెడల్పుగా రాయాలన్నాడు మేస్త్రి. ఎడమ పక్క శిష్యుడికిచ్చి, కుడి పక్క తాను తీసుకున్నాడు.

భానోజీ తెలివైనవాడే, ఆ తెలివే కొంప ముంచింది. తనకు చేయి తిరిగిన అక్షరాలనే కాగితం మీద గళ్లు గీసి రాసుకుని, పడవ మీద ఆ గళ్లను అడ్డంగా మూడింతలు సాగదీశాడు. అక్షరాల పక్కలు లావెక్కాయి, పైనా కిందా వంపులు సన్నగా మిగిలిపోయాయి. ఒక్క పూటలో పని ముగించి చేతులు కడుక్కున్నాడు. మేస్త్రికి రెండు రోజులు పట్టింది. ఆయన ప్రతి అక్షరాన్నీ కొత్తగా గీశాడు. గీత మందం ఎక్కడా మారనివ్వకుండా, లోపలి ఖాళీని బాగా తెరిచి రాశాడు.

పడవ దించిన రోజు అది ఒడ్డు వెంట ఉత్తరంగా సాగినప్పుడు ఎడమ పక్క కనిపించింది. ముసలామె ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"తెల్లగా ఏటో ముద్దలున్నాయి గానీ, నా పేరేదే?"

ఎర్రయ్యమ్మ తల దించుకుంది. భానోజీకి ఇసుకలోకి దిగిపోవాలనిపించింది. పడవ అంతదూరం పోయి వెనక్కి తిరిగింది. ఇప్పుడు కుడి పక్క ఒడ్డు వైపుకు వచ్చింది. బోర్లించిన గంప మీద కూర్చున్న ముసలామె ఒక్కసారిగా లేచి నిలబడింది.

"నానే! సూడండర్రా, అది నానే!"

ఆ అరుపు రేవంతా వినబడింది. ఆ పూట అక్కడ ఆవిడకంటే గొప్పవాళ్లు ఎవరూ లేరు. పడవ దించడం చూద్దామని వచ్చి పక్కనే నిలబడ్డ నాకు కూడా, నా వాళ్లెవరో గెలిచినట్టు ఛాతీ పొంగింది.

"నా అక్షరాలూ అంతే వెడల్పు కదా, గురువుగారూ" అన్నాడు భానోజీ మెల్లగా.

మేస్త్రి తన కుంచె తీసి అతని చేతిలో పెట్టాడు.

"నీ దుకాణం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పక్క గీకేసి మళ్లీ రాయి. ఈసారి అక్షరం లోపల ఆవిడ లేచి నిలబడేటంత చోటుంచు."